కుశలంగారి రేటు

మోకాళ్ళ నొప్పులట. ఎవరివిరా ఆ మోకాళ్ళు? నీకు పిన్నివా, పెద్దమ్మవా? ముక్కూ మొహం తెలియని ఒకావిడ మోకాళ్ళ గురించి ఫోన్లో అంతసేపు ఆరా తీయడానికి నీకు వేరే పనేం లేదా?

ఆ తలుపు వెయ్యి ముందు. మిషన్లు ఆపేశారు కదా, ఇక్కడ గుసగుసలాడినా షెడ్డు చివరిదాకా వినిపిస్తుంది. వేశావా? ఇలా నా ఎదురుగా కూర్చో. పక్కన కూర్చుంటే కిటికీలోంచి చూస్తూ ఊరికే తలూపుతావు, ఒక్క ముక్క బుర్రకెక్కదు.

వాడి తల్లి పోయి చాలా ఏళ్ళయింది. తెలుసా నీకు?

ఎవరి తల్లేంట్రా, వెన్నపూస తల్లి. మా బ్యాంకులో నీతో ఫోన్లో మాట్లాడేవాడు లేడూ, వాడే. మీకందరికీ వాడి అసలు పేరు తెలుసు, మేం మాత్రం వెన్నపూస అంటాం. ఆ గొంతు అలాంటిది మరి. వాడికి తల్లీ లేదు, ఆవిడకి మోకాళ్ళూ లేవు. మొదటిసారి నువ్వు 'ఇంట్లో అందరూ కులాసానా' అన్నావట. ఏదో ఒకటి అనాలి కదా అని 'అమ్మకే కాస్త మోకాళ్ళ నొప్పులండీ' అన్నాడట. ఇంక పట్టుకున్నావు. ఏదో నూనె కూడా రాయమన్నావట. ఆ నూనె పేరు చిన్న కాగితం మీద రాసి వాడు కంప్యూటర్‌కి అంటించుకున్నాడు, మళ్ళీ నువ్వు అడిగితే తడుముకోకుండా. నేను వాడికి రెండు కుర్చీల అవతల కూర్చుంటాను. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ కాగితం నాకు కనిపిస్తూనే ఉంటుంది.

నవ్వుతావేంటి? నవ్వే సంగతా ఇది?

సరే, మొదటినుంచీ చెబుతాను. రేపు నువ్వు ఆ డబ్బు కొనేలోపు నీకు ఇదంతా తెలియాలి. రేపే కదా? ఆదివారం భోజనాల దగ్గర నువ్వే అన్నావు, కొత్త మిషను పంపేవాళ్ళకి ఈ వారంలో ఫారిన్ డబ్బు కట్టాలి, అది మా బ్యాంకు దగ్గరే కొంటానని. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. మరదలుంది, నా మేనకోడలుంది, వాళ్ళ ముందు నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను. పోనీ ఫోన్ చేద్దామంటే మా డెస్క్ ఫోన్లన్నీ రికార్డవుతాయి. సొంత ఫోన్ గుమ్మం బయటే పెట్టి వెళ్ళాలి, ఇంటికెళ్ళి చేస్తే నువ్వు మరదలి పక్కనే ఉంటావు. పైగా నీ ఖాతా గురించి నేను నోరెత్తకూడదు, రక్తసంబంధం కాబట్టి. నీ లావాదేవీలు నా స్క్రీన్ మీద కనిపించనే కనిపించవు. ఇప్పుడు ఇక్కడ కూర్చుని నీకు ఇదంతా చెబుతున్నానని తెలిసిందనుకో, నా కప్పూ నా స్వెట్టరూ ఒక అట్టపెట్టెలో పెట్టి గేటు దాకా సాగనంపుతారు.

తెలిసే వచ్చాను. నాన్న పెయింటు బ్రష్షుల పిడులు చేత్తో చెక్కి చెక్కి పెట్టిన ఫ్యాక్టరీ ఇది. ఈ మిషను కోసం షెడ్డు తాకట్టు పెట్టావు. రేటులో తేడా కొడితే ఆ తేడా ఎక్కడినుంచి తెస్తావు? బయట కుచ్చులు కట్టే ఆడవాళ్ళ జీతాల్లోంచా? అదే కదా ఇప్పుడు నా బాధ.

నీకు మా డీలింగ్ రూమ్ అంటే, అదే ఈ ఫారిన్ డబ్బు కొని అమ్మే గదంటే, మహా గొప్ప కదూ. ఒకసారి వచ్చి చూసి వెళ్ళి నెలరోజులు అదే కథ చెప్పావు. ఎటు చూసినా తెరలు, ఎర్రంకెలు, పచ్చంకెలు, గోడ మీద నాలుగు దేశాల గడియారాలు. 'అక్కా, అక్కడ కూర్చున్నవాళ్ళ బుర్రలు ఎలా పనిచేస్తాయే' అన్నావు. ఎలా పనిచేస్తాయో చెబుతాను విను. మధ్యాహ్నం దాకా ఏం తినాలా అని, మధ్యాహ్నం తర్వాత బోనస్ ఎంతొస్తుందా అని. ఆ గడియారాల్లో ఒకటి ఆగిపోయి ఏడాదైంది. ఎవడూ చూడలేదు.

మార్కెట్ ఎటు పోతుందో వాళ్ళకి ముందే తెలిసిపోతుందనుకుంటున్నావా? కాకమ్మ కబుర్లు. వాళ్ళకి తెలిసింది ఒక్కటే, నువ్వు ఎటు పోతున్నావో.

అర్థం కాలేదా? చెబుతా. టొమాటోల బండివాడు ఉన్నాడు. తోటలో ఒక ధరకి కొంటాడు, నీకు ఇంకో ధరకి అమ్ముతాడు, మధ్యలోది వాడి కూలి. న్యాయమే. మా దగ్గరా అంతే, ప్రతి సరుకుకీ రెండు ధరలుంటాయి. కొనేవాడికి ఒకటి, అమ్మేవాడికి ఒకటి. ఆ రెండింటి మధ్య సందు ఎంత ఉంటే మాకు అంత లాభం. తెలిసినవాడు ఏం చేస్తాడంటే, ఫోన్ చేసి 'రెండు ధరలూ చెప్పు' అని ఊరుకుంటాడు. కొనడానికొచ్చాడో అమ్మడానికొచ్చాడో చచ్చినా చెప్పడు. అది తెలియకపోతే మేం ఎటు వైపు పెంచాలో తెలియదు. అటు పెంచితే ఇటు మునుగుతామేమోనని నోరు మూసుకుని సరైన ధరే చెబుతాం.

నువ్వేం చేస్తావు? 'అయ్యా, కొనాలండీ, కాస్త అర్జంటండీ' అంటావు.

అది కూడా కాదు అసలు సంగతి. నువ్వు ఆ మాట అనేదాకా వాళ్ళు ఆగరు. అంతకుముందే తెలిసిపోతుంది.

ఎలాగంటావా? ఇదిగో, ఈ మాటకి నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నప్పటినుంచీ నీ తీరు నాకు తెలుసు. 'అక్కా, తలనొప్పి తగ్గిందా' అంటూ చేరావంటే నా సైకిలు కావాలన్నమాట. 'రాత్రి నిద్ర పట్టిందా అక్కా' అంటే నా దగ్గర చిల్లర ఉందా అని. ఏమీ అక్కర్లేనప్పుడు నా మొహం కూడా చూసేవాడివి కాదు. అది నీ తప్పనడం లేదు. నోరు తెరిచి అడగాలంటే నీకు మొహమాటం, అందుకని ఊరంతా తిరిగి వస్తావు. ఇంట్లో అది మాకు ముద్దుగానే ఉండేది. వెన్నపూసకి మాత్రం అదే రేటు.

ఎలా కనిపెట్టాడో గానీ కనిపెట్టాడు. ఊరికే ధర తెలుసుకోవాలనుకున్నప్పుడు నువ్వు 'ఇవాళ ఎంతుంది' అని సూటిగా అడిగి పెట్టేస్తావట. నిజంగా కొనాల్సి వచ్చినప్పుడు మోకాళ్ళతో మొదలుపెడతావు. మోకాళ్ళ దగ్గరే ఆగావంటే చిన్న మొత్తం. పిల్లల చదువులదాకా వెళ్ళావంటే కాస్త పెద్దది. అక్కడినుంచి వాడి మేడ మీద పూలకుండీలకి నీళ్ళు పడుతున్నాయా లేదా అనేదాకా వెళ్ళావంటే ఇంక ఆ రోజు వాళ్ళకి పండగే.

వాడి వెనక బొమ్మ కూర్చుంటాడు. డీలరు. ధర పెట్టేది వాడే. ఉలకడు, పలకడు, పల్లీలు నములుతుంటాడు, అందుకే ఆ పేరు. వెన్నపూస నీ కుశల ప్రశ్నలకి జవాబులిస్తూ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి తిరుగుతాడు. బొమ్మ వేళ్ళు చూపిస్తాడు. తెలివైనవాడైతే ఒక వేలు, అంటే అసలు ధర మీద కాస్త వేసుకోమని. మధ్యరకానికి రెండు. నీకైతే అరచెయ్యి మొత్తం చాపుతాడు. పూలకుండీల రోజున రెండు చేతులూ ఎత్తాడు. నా కళ్ళతో చూశాను. దొంగల ముందు చేతులెత్తినట్టు ఎత్తాడు, దొంగేమో వాడు.

మా డెస్క్‌లో నీ పేరేంటో తెలుసా? కుశలంగారు. 'కుశలంగారు లైన్లో ఉన్నారు' అనగానే చుట్టుపక్కల వాళ్ళు కుర్చీలు జరుపుకుని మరీ వింటారు. నేను బాత్‌రూముకి లేచి వెళ్ళిపోతాను. ఏం చేయను మరి? కూర్చుంటే వినాలి, వింటే నవ్వాలి.

బాగా చదువుకున్నవాళ్ళురా వీళ్ళంతా. పేరు చివర డిగ్రీలు తోకల్లా వేలాడుతుంటాయి. ఏటా మా బ్యాంకు పెద్దాయన మమ్మల్నందరినీ నిలబెట్టి ఉపన్యాసం దంచుతాడు. మన మేధస్సు, మన సాహసం, మన దూరదృష్టి అంటాడు. ఏది సాహసం? నువ్వు మోకాళ్ళ గురించి అడిగావని అరచెయ్యి చాపడమా? అందరూ బుద్ధిగా తలలూపుతారు. నేనూ ఊపుతాను, మెడ నొప్పి పుట్టేలా.

ఇంకా విను. నువ్వు పోయినేడు మా దగ్గర ఒక స్కీము కొన్నావు చూడు, 'నిశ్చింత' అని. రేటు పెరిగినా తగ్గినా మీకు బెంగ లేదండీ అన్నారు. పెరిగితే ఒక హద్దుదాకానే వాళ్ళు నీకు కాపు. తగ్గితే మాత్రం హద్దూ పద్దూ లేదు, ఎంత తగ్గితే అంతా నువ్వే కట్టాలి. ఆ సంగతి నీకు చెప్పలేదా? చెప్పారురా, చెప్పకుండా ఎలా ఉంటారు, చట్టం ఉంది. నిన్ను భోజనానికి తీసుకెళ్ళిన రెస్టారెంట్‌లో, బిల్లు వచ్చాక, నువ్వు చెయ్యి కడుక్కోవడానికి లేచాక చెప్పారు. ఆ పేరు పెట్టడానికి విడిగా మనుషులున్నారు. ఎన్నిసార్లో అనుకున్నాను, వీళ్ళు పసిపిల్లలకి పేర్లు పెట్టుకున్నా పుణ్యముండేదని. అది అమ్ముడుపోయిన రోజు కేకు కోశారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. తిన్నాను.

అలా చూడకు. చెబుతున్నాను కదా, తిన్నానని.

ఇంకోటి. 'రేటు ఇంతకి దిగితే నా తరఫున కొని పెట్టండి' అని ముందే చెప్పి పడుకుంటావు చూడు. తెలివైన పని అనుకుంటావు. ఒక పెద్ద కొనుగోలు రాబోతోందని ఆ క్షణంలో ఊళ్ళో ఎవరికి తెలుసు? నీకూ బొమ్మకీ. వాడు ముందు తనకి కొనుక్కుంటాడు. రేటు కాస్త లేస్తుంది. అప్పుడు తీరిగ్గా నీకు కొంటాడు. అలా చేయకూడదని రూలుంది. రూలు మీద ఏటా కంప్యూటర్లో పరీక్ష కూడా పెడతారు. బొమ్మకి నూటికి నూరు వస్తుంది ప్రతిసారీ.

నెలాఖరు తమాషా వేరు. ఎవరూ కొనని, ఎవరూ అమ్మని సరుకు కొంత అడుగున మిగిలిపోయి ఉంటుంది. దాని విలువ ఎంతని లెక్క చూపించాలి. ఎవరిని అడగాలి? బజార్లో ధరే లేదాయె. బొమ్మనే అడుగుతారు. పరీక్ష రాసినవాడి చేతికే ఎర్రపెన్ను ఇచ్చి పేపరు దిద్దుకోమన్నట్టు. వాడు పల్లీలు నములుతూ ఒక అంకె చెబుతాడు. చిత్రంగా ఆ అంకె ప్రతిసారీ లాభం వైపే ఉంటుంది.

ఒక్కసారి మాత్రం వాడు నిజంగానే మార్కెట్‌ని చూసి ఆడాడు. క్లయింట్లు లేరు, కుశలంగారు లేరు, సొంత బుర్ర ఒక్కటే. మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది. అప్పుడు పెద్దాయన ఏమన్నాడంటావు? అనుకోని పరిస్థితులన్నాడు. లాభమొస్తే మేధస్సు, నష్టమొస్తే పరిస్థితులు. ఆ ఏడు కాంటీన్‌లో ఇద్దరిని మానిపించారు, మాకు కాఫీ పొడి మార్చారు. బొమ్మ కుర్చీ బొమ్మదే. వాడు ఇంకో బ్యాంకుకి పోతానని బెదిరించాడు కూడా, జీతం పెంచారు.

ఏంటీ? నేరం కాదా అంటావా?

ఏ పోలీసు దగ్గరికెళ్ళి ఏమని చెబుతావు? వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులని అబద్ధమాడాడండీ అని చెబుతావా? ధర చెప్పాడు, నువ్వు సరేనన్నావు, నీ గొంతు రికార్డులో ఉంది. 'సరేనండీ, మీరే చూసి వెయ్యండి' అంటావు పైగా. ఆ మాట మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి వినిపించి పాఠం చెబుతారు. నీ గొంతు వింటూ పాఠాలు నేర్చుకుని పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఇళ్ళు కట్టుకున్నారు.

అడుగు, అడగాలనుకుంటున్నావుగా. నీ మొహం చూస్తే తెలుస్తోంది. 'మరి నువ్వూ అక్కడే కదక్కా' అని.

అవును, అక్కడే. నేనేం శుద్ధపూసనని చెప్పడానికి రాలేదు. నా వైపు క్లయింట్లు పెద్ద కంపెనీలు. వాళ్ళ దగ్గర కూడా నీలాంటి మనిషి ఒకడుంటాడు, కుశలం అడగడు గానీ దగ్గుతాడు. కొనాల్సినప్పుడు దగ్గు వస్తుంది. నేనూ వెనక్కి తిరిగి వేళ్ళు చూస్తాను. నా ఫ్లాటు వాయిదాలు ఆ దగ్గుతోనే కట్టాను. ఇంక నీ దగ్గర గుంజినదాంట్లో కూడా ఎంతో కొంత నా బోనస్‌లోకి వచ్చే ఉంటుంది, అంతా ఒకే కుండలో పోసి పంచుతారు కాబట్టి. నీ పుట్టినరోజుకి నేనిచ్చిన ఆ వాచీ, చూడు, నీ చేతికున్నదే, అందులో నీ డబ్బెంతో నాకు తెలియదు.

తీయకు, ఉంచుకో. బాగుంది నీ చేతికి.

అసలు ఒళ్ళు మండేది దేనికంటే, గంటకి. డెస్క్ మధ్యలో ఒక ఇత్తడి గంట వేలాడదీశారు. ఎవడైనా ఒక క్లయింటు దగ్గర బాగా గుంజాడనుకో, లేచెళ్ళి మోగించాలి. మోగగానే అందరం చప్పట్లు కొట్టాలి. ఎవరిని ముంచారు, ఎంత ముంచారు, ఎవడూ అడగడు. చేతిలో కప్పుంటే తొడ మీద కొడతారు. ఇవాళ పొద్దున కూడా మోగింది. నేను వేరే కంపెనీతో ఫోన్లో ఉన్నాను. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కొట్టాను చప్పట్లు. అలవాటైపోయింది, చేతులు వాటంతటవే లేస్తాయి.

సరే, గడిచిందేదో గడిచింది. రేపటి సంగతి చూద్దాం. చాలా తేలిక. ఫోన్ తీస్తావు. 'రెండు ధరలూ చెప్పండి' అంటావు. నోరు మూసుకుంటావు. వాడు చెబుతాడు. 'మళ్ళీ చేస్తాను' అని పెట్టేస్తావు. ఇంకో రెండు బ్యాంకులకి ఇదే మాట. ఎవరిది తక్కువైతే వాళ్ళ దగ్గర కొంటావు. అంతే. కొనాలన్న మాట ఆఖరుదాకా నీ నోట రాకూడదు.

ఒకసారి చేసి చూపించు. ఆ, ఇప్పుడే. నేనే వెన్నపూసని. ట్రింగ్, ట్రింగ్. హలో, నమస్కారమండీ, చెప్పండి.

ఊఁ?

ఒరేయ్. ఏమన్నావు? 'బాగున్నారా' అన్నావా లేదా ఇప్పుడు?

మర్యాదేంట్రా, మర్యాద? నిన్ను నిలువునా ఒలుస్తున్నవాడితో మర్యాదేంటి? మళ్ళీ చెయ్యి. ట్రింగ్. హలో, నమస్కారమండీ.

చూశావా, ఈసారి 'అమ్మగారికి' దాకా వచ్చి ఆగిపోయావు. నవ్వు రావడం లేదురా నాకు, ఏడుపొస్తోంది. లేని మనిషి మోకాళ్ళని కూడా వదలలేవు నువ్వు. ఇంకోసారి. నోట్లో ఏదైనా పెట్టుకుని మాట్లాడు పోనీ. ఆ పెన్ను కొరుక్కో. ట్రింగ్.

ఏంటి, నా మొహం అలా చూస్తావు? నేను ఇంత దూరం ఉద్యోగం పణంగా పెట్టి వస్తే...

ఏమన్నావు?

మళ్ళీ అను.

'నీ ఒంట్లో ఎలా ఉందక్కా, చిక్కిపోయావు' అన్నావా?

బాగానే ఉంది నా ఒంట్లో. చిక్కలేదు, నీ మరదలు వంట తిని కాస్త పెరిగాను కూడా. అదే, మీ ఆవిడ వంటరా, నోరు తడబడింది. ఏం కావాలి నీకు? నాతో చుట్టుతిరుగుళ్ళు వద్దు. ఆ పెన్ను కింద పెట్టి సూటిగా చెప్పు.

నీళ్ళు నమలకు, చెప్పు.

ఇవాళేనా?

ఇవాళ పొద్దునే కొనేశావా? మొత్తమా?

రేపన్నావు కదరా ఆదివారం. వాడే ఫోన్ చేశాడా? వెన్నపూసే? ఏమని? 'రేపు రేటు ఇంకా పెరుగుతుంది, మీరు నాకు అన్నగారిలాంటివారు కాబట్టి చెబుతున్నాను' అన్నాడా? ముందు ఏమడిగాడు? నీ ఆరోగ్యం అడిగాడు కదూ. మరదలు ఎలా ఉంది, అమ్మాయి చదువు అయిపోయిందా, ఫ్యాక్టరీలో అందరూ కులాసానా అన్నాడు కదూ. నెలాఖరు కదా, వాడి లెక్క నిండలేదు, వాడికి అవసరమైంది. వాడూ నీ దగ్గరే నేర్చుకున్నాడురా ఆ విద్య.

ఏ టైముకి?

ఆ గంట మోగించింది నీకేనన్నమాట.

వాడు గంట కొట్టి నా వైపు చూసి కన్ను గీటాడు. ఏదో వేళాకోళం అనుకున్నాను. నేను చప్పట్లు కొడుతున్నాను అప్పుడు. చెప్పాను కదా, రిసీవరు ఇరికించుకుని మరీ కొట్టాను. నాన్న షెడ్డు పోతుంటే కూతురు చప్పట్లు కొట్టింది, రాసుకో.

వద్దు, నీళ్ళు వద్దు.

మరి నేను వచ్చి ఇంతసేపు గొంతు చించుకుంటుంటే ఒక్క ముక్క చెప్పవేంట్రా? ట్రింగ్, ట్రింగ్ అని కోతిలా నాటకమాడించావు. కొనేసినవాడివి, కొనడం ఎలాగో నేర్చుకుంటూ కూర్చున్నావు. ఆ మాట నోరు తెరిచి చెప్పడానికి కూడా మొహమాటమా?

సరే. అయిపోయింది. తిరగరాయడానికి లేదు, నీ గొంతు రికార్డులో ఉంది. తేడా ఎలా పూడుస్తావో నువ్వూ మరదలూ కూర్చుని చూసుకోండి. నా దగ్గర కొంత ఉంది, ఇస్తాను. అది నీదే ఎలాగూ.

ఇంకా ఉందా? ఆ మొహం అలా పెట్టావంటే ఇంకా ఏదో ఉంది. నా ఒంట్లో ఎలా ఉందని అడిగింది కొనేశానని చెప్పడానికి కాదు. నీకు ఏదో కావాలి. కావాలంటేనే నా ఒళ్ళు గుర్తొస్తుంది నీకు. అడుగు.

ఎవరిని?

మా డెస్క్‌లోనా? నా మేనకోడల్నా?

ఇంతసేపూ నేను చెప్పిందంతా విన్నావు కదా. అరచెయ్యి, గంట, నిశ్చింత, లేని మోకాళ్ళు. విని నీకు అర్థమైంది ఇదన్నమాట, మంచి చోటు, అమ్మాయిని అక్కడ పెట్టాలని. ఎప్పుడనిపించింది? అరచెయ్యి దగ్గరా, బోనస్ దగ్గరా? లేక ఆదివారం నుంచీ కడుపులో పెట్టుకుని ఉన్నావా?

'ఈ బ్రష్షుల్లో ఏముందక్కా, ఆ వైపు ఉంటే కనీసం ముంచేవాళ్ళలో ఉంటుంది' అంటావా.

అనలేదా? ఆ మాట అనలేదు గానీ అదే కదా అర్థం. కాదని నా కళ్ళలోకి చూసి చెప్పు.

ఆ వాచీ తిప్పుకోవడం ఆపు. ఫర్వాలేదులే, నీ మీద కోపం లేదు. ఉంటే ఎప్పుడో లేచి పోయేదాన్ని. నీ లెక్క తప్పని కూడా అనలేను, నేను పాతికేళ్ళుగా అదే లెక్క మీద బతుకుతున్నాను. ఇక్కడ కుచ్చులు కట్టి ఎవరు బాగుపడ్డారు కనక? నాన్నకి చివరికి వేళ్ళు కూడా ముడుచుకునేవి కావు.

పంపించు. వెన్నపూసతోనే చెబుతాను, వాడు కాదనడు. కుశలంగారి అమ్మాయంటే ఎర్రతివాచీ పరుస్తారు. వాడి పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. చురుకైన పిల్ల, నాలుగు రోజుల్లో వేళ్ళు చదవడం వచ్చేస్తుంది. ఏడాది తిరిగేసరికి తనే గంట కొడుతుంది.

నా బ్యాగు ఇలా అందుకో. చీకటి పడకముందే పోతాను.

సోమవారం పొద్దున రమ్మను, నేను గేటు దగ్గర ఉంటాను. లోపలికి వచ్చాక మాత్రం ఎవరి కుశలమూ అడగొద్దని చెప్పు.